జామీను సంతకం

మా జిల్లాలో మాదిగ ఆడదానికి సర్కారు కాగితాల్లో రెండే పేర్లుండాయి. ఒకటి కూలీ, రెండోది లబ్ధిదారు. ఉపాధి హామీ కార్డులో కూలీ. మేకపిల్లలిచ్చినా, కుట్టుమిషనిచ్చినా, ఇల్లిచ్చినా లబ్ధిదారు. పారిశ్రామికవేత్త అనే మాట మా ఆడవాళ్ళ పేరు పక్కన నేనింతవరకు చూడలేదు. ఆ మాట వినగానే కళ్ళముందుకొచ్చే బొమ్మ వేరే. పట్టుచీర, ఇంగ్లీషు, వెనక అద్దాల మేడ. అందులోనూ జీవశాస్త్రానికి సంబంధించిన పరిశ్రమ అంటే ఇంక చెప్పే పనే లేదు. అది హైదరాబాదుది, బెంగుళూరుది. మన గేరిది కాదు.

ఆ మాటను మా ఇంట్లోకి మా చెల్లెలు తెచ్చింది. దాని సంగతే రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. మా వంశంలో డిగ్రీ దాకా పోయిన మొదటి మనిషిని నేనే. 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మా నాయన జీతగాడు. మా అమ్మ చెనిక్కాయ కూలీ. మా జిల్లా సంగతి తెలిసినవాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. ఎర్ర నేల, రాళ్ళ గుట్టలు, చెనిక్కాయ. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండు ముక్కలు చేసి ఒక ముక్కకు శ్రీ సత్యసాయి జిల్లా అని పేరు పెట్టినారు. కరువు మాత్రం ముక్కలు కాలేదు.

జీవశాస్త్రం మా ఇంటికి నాతో రాలేదు. నాకంటే ముందే ఉండింది. దానికి పేరు లేదు, అంతే.

మా జేజినాయన తోళ్ళు ఊనేవాడు. గేరి చివర లంద ఉండేది. సున్నం నీళ్ళలో తోలు నానేసి, వెంట్రుకలు ఊడగొట్టి, తంగేడు చెక్క నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టేవాళ్ళు. గుట్టకు పోయి తంగేడు చెక్క కొట్టుకొచ్చేది, దంచేది, నీళ్ళు మోసేది ఆడవాళ్ళు. చెక్క ఎప్పుడు మార్చాలో మా అవ్వ నీళ్ళ వాసన చూసి చెప్పేదంట. బీఎస్సీలో టానిన్ల పాఠం వచ్చినప్పుడు నాకు మా అవ్వ గుర్తుకొచ్చింది. తంగేడు చెక్కలోని టానిన్ తోలులోని ప్రోటీన్‌ను పట్టుకొని దాన్ని కుళ్ళకుండా చేస్తుంది. మా అవ్వ పని అదే. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టినారు. మన తెలుగు శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ దానికి డైరెక్టరుగా చేసి ప్రపంచంలో పేరు తెచ్చినాడు. మంచిదే. కానీ ఒక మాట అడగాలనిపిస్తుంది. తోలు ల్యాబుకు పోయినంక శాస్త్రమైంది. మా గేరిలో ఉన్నంతకాలం అది కంపు. ఆ కంపు పేరు మీదనే మమ్మల్ని ఊరి బయట పెట్టినారు.

మా అమ్మది విత్తనం పని. జూన్ వచ్చేముందు ఆసాముల ఇండ్ల వసారాల్లో కూర్చొని చెనిక్కాయలు ఒలిచేవాళ్ళు. ఎకరాకు యాభై అరవై కిలోల పప్పు కావాల. మిషనుతో కొడితే పప్పు మీది పొర చిట్లుతుంది. అందుకని విత్తనానికి చేత్తోనే ఒలిపించేవాళ్ళు. "పొర చిట్లిన పప్పు బువ్వకు పనికొస్తాది గానీ భూమికి పనికిరాదు" అని మా అమ్మ తీసి పక్కన వేసేది. ఎందుకు పనికిరాదో నాకు డిగ్రీలో తెలిసింది. చిట్లిన పొరలో నుంచి బూజు లోపలికి పోతుంది. మొలక మొదట్లోనే కుళ్ళి పడిపోతుంది. దాన్నే మొదలు కుళ్ళు అంటారు. ఆస్పర్జిల్లస్ నైగర్ అనే బూజు చేసే పని. మా అమ్మకు ఆ పేరు తెలీదు. ఏ పప్పు చస్తాదో తెలుసు. ఆ తెలివికి ఆసామి ఇచ్చింది దినానికింత కూలి.

2000 ఖరీఫ్ మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. ఆ ఏడు జిల్లాలో చెనిక్కాయ చేలు నిలువునా మాడిపోయినాయి. కాండం నల్లబడి కుళ్ళింది. అది పొగాకు స్ట్రీక్ వైరస్ అని తర్వాత శాస్త్రవేత్తలు తేల్చినారు. బీళ్ళలో పెరిగే వయ్యారిభామ పుప్పొడి మీద నుంచి తామర పురుగులు దాన్ని చెనిక్కాయకు చేర్చినాయి. పత్రికలన్నీ రైతు నష్టం రాసినాయి. రైతు నష్టపోయింది నిజమే. మరి పెరకను చెట్టు లేక, ఒలవను కాయ లేక ఇంట్లో కూర్చున్న మా అమ్మ నష్టం ఎవరి లెక్కలోకి వచ్చింది? నష్టపరిహారం పాసుపుస్తకం ఉన్నోళ్ళకు. మాకు పుస్తకం లేదు. నాకప్పుడు పన్నెండేండ్లు. ఆ ఏడు మా నాయన బెంగుళూరుకు మట్టి పనికి పోయినాడు.

మా గేరిలో ఆడపిల్ల ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటే నర్సు అవుతుందని అర్థం. నర్సు మంచి పనే. మా పిల్లలు ఎంతోమంది ఆ పనితో ఇల్లు నిలబెట్టినారు. కానీ మా చెల్లెలు మైక్రోబయాలజీ అన్నది. డిగ్రీ అయినంక హైదరాబాదు పోయింది. 1999లో హైదరాబాదు పక్కన జీనోమ్ వ్యాలీ అని మొదలుపెట్టినారు కదా, అక్కడ ఒక కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ పని. మూడు షిఫ్టులు, కాంట్రాక్టు మీద. గాలిలో ఎన్ని సూక్ష్మజీవులుండాయో పళ్ళేలు పెట్టి లెక్కబెట్టే పని. ఆరేండ్లు లెక్కబెట్టింది. ఆ వ్యాలీలోనే పెద్ద వ్యాక్సిన్ కంపెనీని 1996లో స్థాపించిన ఇద్దరిలో ఒకరు సుచిత్ర ఎల్ల అనే ఆడమనిషి అని మా చెల్లెలే నాకు చెప్పింది. "ఆడవాళ్ళు కంపెనీలు పెట్టినారక్కా. మనోళ్ళు పళ్ళేలు కడుగుతాండారు" అన్నది. హాస్టల్లో ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఊర్లో ఏ వైపు అని అడిగేవాళ్ళంట. సూక్ష్మజీవి ఎవరి ఒంట్లోనైనా ఒకే తీరుగా పెరుగుతుందని తెలిసిన చదువరులే ఆ అడిగినోళ్ళు.

2022లో అది ఇంటికొచ్చింది. వచ్చి ఊరికే ఉండలేదు. ప్రెషర్ కుక్కర్ అడిగింది.

జొన్నలు నానబెట్టి, సగం ఉడికించి, సంచుల్లో నింపి, కుక్కర్లో ఆవిరికి పెట్టింది. ఆవిరి పట్టిన జొన్నలు చల్లారినాక వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి తెచ్చిన ట్రైకోడెర్మా తల్లి కల్చర్ కలిపింది. నాలుగు రోజులకు జొన్నల మీద తెల్లగా నూగు లేచింది. పది రోజులకు పచ్చబడింది. ట్రైకోడెర్మా కూడా బూజే. కానీ అది మొదలు కుళ్ళు బూజును చుట్టుకొని తినే బూజు. విత్తనానికి పట్టిస్తే మొలకను కాపాడుతుంది. మా అమ్మ ఆ పచ్చ జొన్నలు చూసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "మంచి వాసనే. తొలకరి మట్టి వాసన" అనింది. తర్వాత, "బూడిద పట్టియ్యకుండా మేమెప్పుడన్నా ఇత్తనం దాసిపెట్టినామా? నీది పచ్చ బూడిద, అంతే కదమే" అని నవ్వింది. మా చెల్లెలు నవ్వలేదు. "అంతేమా" అనింది.

తర్వాత తొంభై కిలోల మాగిన పేడ ఎరువులో పది కిలోల వేపపిండి కలిపి, అందులో ఈ పచ్చ జొన్నలు వేసి, నీడలో తడి గోనెలు కప్పి వారం ఉంచింది. అదే చేలో చల్లేది. మొదటి ఏడు అమ్మలేదు. గుత్తకు భూమి చేసే మా సంఘం ఆడవాళ్ళు పన్నెండు మందికి ఇచ్చింది. ఆ చేలల్లో మొదలు కుళ్ళు తక్కువ కనపడింది. పక్క చేలు కూడా పోయి చూసినాము, పడిపోయిన చెట్లు లెక్కబెట్టినాము. ఊడలు దిగే కాడ వాన మొహం చాటేసింది. అప్పుడు మా చేను, పక్క చేను ఒకే తీరుగా ఎండినాయి. ట్రైకోడెర్మా వాన తేదు. ఈ మాట మా చెల్లెలు అందరికీ ముందే చెప్పింది. అందుకే రెండో ఏడు కూడా వాళ్ళు దాని దగ్గరికే వచ్చినారు.

కథ ఇక్కడ ఆగితే పేపర్లో విజయగాథ. ఆగలేదు.

అమ్మాలంటే చట్టముంది. చెనిక్కాయ వేర్ల బుడిపెల్లో ఉండే రైజోబియం కల్చర్ చేస్తే అది జీవన ఎరువు, 2006 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వస్తుంది. గ్రాము పొడిలో కనీసం ఐదు కోట్ల బతికిన కణాలుండాల. అదే ట్రైకోడెర్మా అయితే పురుగుమందు లెక్క. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద ఫరీదాబాదులోని కేంద్ర బోర్డు దగ్గర రిజిస్టరు కావాల. విషపరీక్షలు, వేర్వేరు చోట్ల చేల మీద పరీక్షలు, ఎన్ని నెలలు బతుకుతుందో లెక్క, అన్నీ పెట్టాల. ఇవి వద్దని నేననను. నకిలీ మందులు కొని మోసపోయినోళ్ళను మా జిల్లాలో చూస్తానే ఉన్నాము. చట్టం ఉండాల. కానీ ఆ ఫైలు ఖర్చు మా చెల్లెలు లెక్కేస్తే యూనిట్ ఖర్చునే మించిపోయింది. పెద్ద కంపెనీకి ఆ ఖర్చు చిల్లర. మాకు అది గోడ.

ఇంకోటి ఎండ. ఇది బతికిన సరుకు. మా ఎండాకాలం నలభై డిగ్రీలు దాటుతుంది. రేకుల ఇంట్లో పెడితే పొట్లంలోనే చచ్చిపోతుంది. చల్లటి గది కావాల, కరెంటు పోతే ఇన్వర్టరు కావాల, ఆటోక్లేవ్ కావాల, గాలి శుద్ధి చేసే పెట్టె కావాల. అన్నీ కలిపి తొమ్మిది లక్షలు.

ఇక్కడ ఒక పెద్దామె సంగతి చెప్పాల. కిరణ్ మజుందార్ షా. 1978లో బెంగుళూరులో అద్దె ఇంటి గ్యారేజీలో పదివేల రూపాయలతో బయోకాన్ మొదలుపెట్టింది. బొప్పాయి నుంచి ఎంజైము తీసి అమ్మింది. ఆడది, పైగా వయసు ఇరవై అయిదు, పైగా ఎవరికీ తెలీని వ్యాపారం అని బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడినాయి. ఆమె కష్టం నిజమైన కష్టం. దాన్ని తక్కువ చేయను. కానీ ఆమె తండ్రి పెద్ద బీరు కంపెనీలో ప్రధాన బ్రూమాస్టర్. ఆమె ఆస్ట్రేలియాలో చదివింది. అద్దెకు గ్యారేజీ ఇచ్చేవాళ్ళు ఉండినారు. మండల కేంద్రంలో మా చెల్లెలు గది అద్దెకు అడిగితే మూడిండ్ల వాళ్ళు ఇంటిపేరు అడిగి, "ల్యాబంటే వాసనొస్తాదేమోమ్మా" అన్నారు. నాకు మా అవ్వ లంద గుర్తుకొచ్చింది.

చివరికి గేరిలో మా అమ్మ ఇంటి వెనక గదిలోనే పెట్టాలనుకున్నాము. బ్యాంకుకు పోయినాము. పది లక్షల లోపు చిన్న పరిశ్రమ అప్పులకు తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. ఆ సర్క్యులర్ కాపీ మా చెల్లెలు ఫైల్లో పెట్టుకొని పోయింది. మేనేజరు చదివినాడు. "రూలు ఉందిలేమ్మా. రికవరీ కూడా ఉండాల కదా. మీ అక్క టీచరంట కదా" అన్నాడు. నేను పక్కనే కూర్చున్నాను. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు పది లక్షల నుంచి కోటి దాకా అప్పులిచ్చే స్టాండప్ ఇండియా పథకం 2016 ఏప్రిల్ 5న మొదలై 2025 మార్చి దాకా నడిచింది. ప్రతి బ్రాంచీ కనీసం ఒక ఎస్సీ లేక ఎస్టీకి, కనీసం ఒక ఆడమనిషికి ఇవ్వాలని అందులో రాసుంది. ఆ వాక్యం నేను చాలాసార్లు చదివినాను. ఎస్సీ అనంగానే మగవాడు కళ్ళముందుకొస్తాడు. మహిళ అనంగానే పైకులం ఆడమనిషి. రెండూ అయిన మనిషి కౌంటరు ముందు నిలబడితే, ఆమెకు రెండు తలుపులున్నట్టు కాగితం చెప్తుంది. మేము పోయినప్పుడు ఒక తలుపు దగ్గర ఇంకో తలుపు చూపించినారు.

నాకు ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు. మా ఆయన, "సంతకం పెడితే ఏడేండ్లు నీ జీతం వాళ్ళ చేతిలో ఉంటాది. ఆలోచించు" అన్నాడు. తిట్టలేదు, లెక్క చెప్పినాడు. ఆయన లెక్క తప్పు కాదు. గేరిలో గవర్నమెంటు జీతం ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఈ పదేండ్లలో నాలుగు జామీన్లు అడిగినారు, రెండు పెట్టినాను. మా చెల్లెలిది మూడోది. పెట్టినాను. ధైర్యంతో అని చెప్పను. మా అమ్మ ఒలిచిన విత్తనానికి ధర కట్టే అవకాశం మా ఇంటికి ఇంకోసారి వస్తుందో రాదో అని పెట్టినాను. కానీ అడుగుతున్నాను. ప్రతి గేరికీ ఒక టీచరమ్మ ఉండదు. ఉన్నా ఆమెకు ఎన్ని సంతకాలుంటాయి? దళిత ఆడమనిషి తెలివికి పూచీ ఇంకో దళిత ఆడమనిషి జీతమేనా? అదేనా ప్రోత్సాహం?

రైజోబియానికి లైసెన్సు ముందుగా వచ్చింది. అప్పుడు మండల కేంద్రంలో ఒక మందుల షాపాయన వచ్చినాడు. సరుకు చూసి మెచ్చుకున్నాడు. "సంచి మీద మా పేరు కొట్టిస్తాము. నువ్వు చేసిపెట్టు చాలు. పొట్లం మీద ఎస్సీ కాలనీ అని ఉంటే ఎవరు కొంటారమ్మా" అన్నాడు. తయారీదారు పేరు, చిరునామా పొట్లం మీద ఉండాలని చట్టమే చెప్తుంది. మా చెల్లెలు ఆ మాట చెప్పి, "చిరునామా మార్చనన్నా. మార్చాలంటే ఊరు నన్ను లోపలికి రానియ్యాల" అనింది. ఆ ఖరీఫ్‌లో షాపుల్లో అమ్మకం తక్కువే. సంఘాల ద్వారా పోయిందే ఎక్కువ. ఇద్దరు రెడ్ల ఆసాములు పొద్దుగూకినాక పిల్లోణ్ణి పంపించి తెప్పించుకున్నారు. డబ్బులు మాత్రం పగటి డబ్బుల మాదిరే ఉండాయి.

మా రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం నడిపిస్తోంది. దాని వెన్నెముక ఆడవాళ్ళ పొదుపు సంఘాలే. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. మా మండలంలో కషాయాలు, జీవామృతం చేసి అమ్మే ఆడవాళ్ళు ఉండారు. వాళ్ళు చేసేది కూడా జీవశాస్త్ర పరిశ్రమే. 200 లీటర్ల నీళ్ళలో పది కిలోల పేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, పిడికెడు గట్టు మట్టి వేసి రెండు రోజులు పులియబెట్టడం కిణ్వన ప్రక్రియ కాక ఇంకేమిటి? అయితే దానికి దేశీ ఆవు కావాలంటారు. మా గేరిలో ఆవు ఎవరికుంది? ఆవు కొట్టాలు ఊడ్చింది మేము. ఆవు చస్తే మోసింది మేము. నిన్నటి దాకా ఊరికే ఎత్తిపోయమన్న పేడకు ఇప్పుడు ధర చెప్తాండారు. పేడకు ధర వచ్చింది, ఎత్తిన చేతికి రాలేదు.

దారి లేక కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత ఆడవాళ్ళు 1980ల నుంచి చిరుధాన్యాల విత్తనాలు కాపాడినారు. ఊరూరా విత్తన బ్యాంకులు నడిపినారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఆ ఆడవాళ్ళకు వచ్చింది. వాళ్ళు విత్తనాన్ని ఒకరి ఆస్తి కానియ్యలేదు. మద్రాసు దగ్గర సిరుసేరిలో స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల పేరు మీద ఆడవాళ్ళ కోసమే ఒక బయోటెక్ పార్కు కట్టినారు. ఒక్కొక్కరు ఒక్కో ల్యాబు కట్టుకోలేరు, కలిసి వాడుకోవచ్చు అనేది అందులో ఉన్న తెలివి. కేంద్రం 2012లో పెట్టిన బైరాక్ సంస్థ కొత్త ఆలోచనకు 50 లక్షల దాకా గ్రాంటు ఇచ్చే పథకం నడిపింది. ఆ దరఖాస్తు ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు మీడియంలో చదివి సూక్ష్మజీవులను లెక్కబెట్టే పిల్ల దాన్ని ఎట్లా నింపాల?

కాబట్టి విద్యార్థి మిత్రులకు, సంఘాల్లో పనిచేసే అన్నలకు, అక్కలకు నేను చెప్పేది ఇది. సన్మానాలు, శాలువాలు వద్దు. ప్రతి డివిజన్‌లో ఒక ఉమ్మడి ల్యాబు అడగండి. ఆటోక్లేవ్, చల్లటి గది, పరీక్ష చేసే మనిషి ఉన్న ల్యాబు. చిన్న యూనిట్ల రిజిస్ట్రేషన్ పరీక్షలను వ్యవసాయ విశ్వవిద్యాలయమే ఉచితంగా చేసిపెట్టమని అడగండి. తాకట్టు లేని అప్పు అని కాగితంలో ఉంటే కౌంటరు దగ్గర కూడా అట్లే ఉండాలని పోయి కూర్చోండి. సర్కారు రైతులకిచ్చే జీవన ఎరువుల్లో కొంత వాటా దళిత ఆడవాళ్ళ యూనిట్ల నుంచి కొనాలని పోరాడండి. భూమి కోసం కొట్లాడినాం, కొట్లాడతాం. ఆ భూమిలో పడే విత్తనం మీద, మందు మీద కూడా మన పేరుండాల.

ట్రైకోడెర్మా ఫైలు ఇంకా ఫరీదాబాదు దారిలోనే ఉంది. ఈ నెల కంతు మా చెల్లెలే కట్టింది, నా జీతం దాకా రాలేదు. గదిలో మా అమ్మతో కలిపి నలుగురు ఆడవాళ్ళు పని చేస్తాండారు. మా అమ్మకు జీతం రాసే పుస్తకంలో పేరు పక్కన పని ఏమని రాయాలని మా చెల్లెలు అడిగింది. విత్తన పరీక్ష అని రాయమన్నాను. రాసింది.